కవర్లు తీసేసిన వానాకాలం

ఆ ఏడు వానలు నెల ముందే దిగబడ్డాయి. అప్పటికి నాలుగేళ్ళుగా నేను వార్డు ఆఫీసు తరఫున కాలవలు తీసే జట్టులో పనిచేస్తున్నాను. ఆరుగురు ఆడవాళ్ళం, ఐదుగురు మగవాళ్ళు, మా అందరి పైన ఒక మేస్త్రీ. వానకు ముందు పూడిక తియ్యాలి, వాన పడుతుంటే తూముల్లో అడ్డాలు తియ్యాలి, వాన వెలిశాక గట్టున వేసిన చెత్తంతా లారీకి ఎత్తాలి. పేరుకు పూడిక అంటారు గానీ అందులో మట్టి పావు వంతు ఉంటే గొప్ప. మిగిలినదంతా కవర్లే. కూరల కవర్లు, పాల కవర్లు, బట్టల కొట్టువి, మందుల కొట్టువి, అన్నీ నీళ్ళలో నాని, ఒకదాన్నొకటి పట్టుకుని, తూముకు బిరడా పెట్టినట్టు కూర్చునేవి. కొక్కెం వేసి లాగితే ఒక్కటి చినిగి వచ్చేది, మిగతావి కదిలేవి కావు. చివరికి నడుం దాకా వంగి చేత్తో పీకవలసిందే. సాయంత్రం అయ్యేసరికి భుజాలు నావేనా అని అనుమానం వచ్చేది.

అలాంటి ఒంటితో ఇంటికొస్తే గుమ్మంలోనే మళ్ళీ కవర్లు. కడిగి, తిరగేసి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన కవర్లు. వానాకాలం కనక దండెం లోపలి గదిలోకి వచ్చేది. మా ఆయన చొక్కాకూ మా పాప గౌనుకూ మధ్య నాలుగేసి కవర్లు వేలాడేవి. తల తుడుచుకుందామని తువ్వాలు కోసం చెయ్యి చాపితే ముందు కవరే తగిలేది. పగలంతా పీకింది చాలక ఇంట్లో కూడా ఇవేనా అని ఒళ్ళు మండిపోయేది.

అదంతా మా అత్తయ్య రాజ్యం. ఇంట్లోకి వచ్చిన కవరు బయటికి పోయిన పాపాన పోలేదు. కొత్త కవరు ఏదొచ్చినా గుడ్డ నాణ్యం చూసినట్టు ముందు రెండు చేతుల మధ్య నలిపి చూసేది. తరవాత కడగడం, ఆరెయ్యడం, చేతి రుమాలంత ముక్కోణంగా మడవడం, పదేసి కలిపి పాత చీర అంచు పేలికతో ముడి వెయ్యడం. వీధిలో అందరూ కవర్ల మామ్మ అనేవారు. ఎవరైనా ఒక కవరు కావాలని వస్తే ఇచ్చేది గానీ, రెండు రోజుల తరవాత పాపను పంపించి తిరిగి తెప్పించేది. తీసుకున్నవాళ్ళు నవ్వుతూ తిరిగి ఇచ్చేవారు, నాకే తల కొట్టేసినట్టుండేది.

మా వంటింట్లో డబ్బాలు ఉండవు. మాది పల్లపు వీధి. ఏటా రెండు మూడు సార్లు నీళ్ళు లోపలికి వస్తాయి. ఒక ఏడాది డబ్బాలన్నీ తేలుకుంటూ వీధి మొదట్లో కిళ్ళీకొట్టు దాకా పోయాయి. అప్పుడు మా ఆయన వంటింటి గోడకు రెండు వరసల మేకులు కొట్టాడు. ఉప్పూ పప్పూ పంచదారా పిండీ, బట్టల సోడాతో సహా అన్నీ కవర్లలో పోసి, మూతి బిగించి, మేకులకు తగిలించేవాళ్ళం. చెమ్మ పట్టేది కాదు, తడిసేది కాదు. ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. కానీ అత్తయ్యకు ఏ కవరు దేనిదో దానిదే. పంచదార కవరు చినిగితే అలాంటి కవరే మళ్ళీ దొరికేదాకా పంచదార గిన్నెలోనే ఉండి చీమలు పట్టేది. అన్ని కవర్లూ ఒకటే కదా అత్తయ్యా అంటే, ఒకటెలా అవుతాయి అనేది. వయసు మీద పడ్డవాళ్ళ చాదస్తం అనుకుని ఊరుకునేదాన్ని.

వానలు మొదలైన రెండో వారంలో మేస్త్రీ పొద్దున్నే అందరినీ నిలబెట్టి ఆఫీసు కాగితం చదివాడు. ఆ నెల నుంచి వార్డులో కవర్లు బందు. ముందు సిబ్బంది ఇళ్ళలో ఒక్క కవరు ఉండకూడదు, ఆఫీసువాళ్ళు వచ్చి చూస్తారు. మన ఇళ్ళలోనే కవర్లు వేలాడుతుంటే ఊరికి ఏ మొహం పెట్టుకుని చెబుతామన్నాడు. అందరూ నావైపు చూశారు. మా దండెం సంగతి జట్టంతటికీ తెలుసు. సంచులు కుట్టుకోమని మనిషికి ఇన్ని గజాల ఖాకీ గుడ్డ కూడా ఇచ్చారు. నేను రెండో మాట లేకుండా సంతకం పెట్టేశాను. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. అత్తయ్యతో నేను గెలవలేని మాట ఆఫీసు కాగితం గెలుస్తుందనుకున్నాను.

ఐదు సాయంత్రాలు కూర్చుని సంచులు కుట్టాను. అన్నీ ఒకటే కొలత, ఒకటే తాడు, ఒకటే కుట్టు. మార్కర్ పెన్నుతో ఒక్కొక్క దాని మీదా బొటనవేలంత అక్షరాలతో పేరు రాశాను. సెలవు రోజున పీట ఎక్కి గోడంతా ఖాళీ చేసి, సంచుల్లోకి మార్చి, నాకు నచ్చిన వరసలో తగిలించాను. దిగి చూసుకుంటే బళ్ళో పిల్లలు వరసగా నిలబడ్డట్టు ముచ్చటగా ఉంది.

అత్తయ్య అంతసేపూ గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. చివర్లో అడిగింది.

"అన్నీ తీసేస్తావా అమ్మాయ్?"

"అన్నీ, అత్తయ్యా."

"ఒక్క ఉప్పుదీ, సోడాదీ ఉంచు. ఆ రెండే."

ఎందుకని అడిగితే చెమ్మ పీలుస్తాయంది. పెద్దగా పట్టుబట్టలేదు, మామూలుగానే అంది. ఒకటి ఉంచినా ఉంచినట్టే, చూడ్డానికి వచ్చేవాళ్ళకు అదే కనిపిస్తుంది అన్నాను. ఆవిడ గదిలోకి వెళ్ళిపోయింది. గోడ మీద నుంచి దించిన కవర్లన్నీ ఒక కట్టగా చేసి, ఆవిడ పేలికతోనే బిగించి, మంచం కింద దాచిన కట్టలతో కలిపి మూడు గోతాలకు ఎత్తాను. మర్నాడు లారీకి అప్పజెప్పాను. మూడు గోతాలా అని మేస్త్రీ నోరు వెళ్ళబెట్టాడు. నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

మూడో రోజున టీలో ఉప్పు పడింది. ఆ వారం చివర్లో పప్పులో పంచదార పడింది. అత్తయ్య వంటకు వంక పెట్టడానికి ఉండేది కాదు. ఎప్పుడూ రుచి చూసి ఎరగదు, గుప్పెట్లోకి తీసుకున్నది చాలు, సరిగ్గా సరిపోయేది. అలాంటి మనిషి వరసపెట్టి తప్పులు చేస్తుంటే ఏమనుకోవాలి? సంచి మీద అంతంత అక్షరాలు రాసి ఉన్నాయి. ఆవిడ చదువు రానిది కాదు, కొన్నేళ్ళ కిందటి దాకా పేపరు చివరి పేజీ వరకూ చదివిన మనిషి. కవర్లు తీసేసినందుకు కసి తీర్చుకుంటోందని నాకు రూఢి అయిపోయింది. మా ఆయన బస్సు డ్రైవరు, రెండు రోజులు దూరపు రూటులో, ఒక రోజు ఇంట్లో. ఆయనతో చెబితే నవ్వేశాడు. మా అమ్మ సమ్మె చేస్తోంది, నాలుగు రోజులు పోతే దిగొస్తుందిలే అన్నాడు. నవ్వడానికి ఆయనకేం, ఉప్పు టీ తాగి కాలవలోకి దిగేది నేను.

నేనూ తక్కువ తినలేదు. మాటలు తగ్గించాను. వంటింట్లోకి వెళ్ళి ప్రతి సంచి పేరూ ఆవిడకు వినబడేలా గట్టిగా చదివి వచ్చేదాన్ని. ఆవిడ తల వంచుకుని వినేది. ఇప్పుడు తలుచుకుంటే, నేను ఎగతాళిగా చదివిన ఆ పేర్లే ఆవిడ శ్రద్ధగా ఒంటబట్టించుకునేదేమో. కానీ నేను చదివే వరస రోజుకోలా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం. బయట ఒకటే ముసురు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆయనా నేనూ చేతులు కడుక్కుని వచ్చేలోపు పాప కూర్చుని తినేస్తోంది. మేం పీటల మీద కూర్చునేసరికే అది కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి పరుగెత్తింది. వెనకాలే వెళ్ళాను. వాంతి చేసుకుంటోంది. పెదవులు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. లోపలికొచ్చి పప్పు వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాను. మంట, చేదు, సబ్బు వాసన. బట్టల సోడా.

పాప నోరు కడిగి, పాలు తాగించి, వీధి చివర డాక్టరుకు చూపించి తెచ్చాం. లోపలికి పెద్దగా పోలేదు, నోటిపూత వారంలో తగ్గుతుంది అన్నాడాయన. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఇంటికి రాగానే బయటికొచ్చింది. అత్తయ్య వంటింట్లోనే ఉంది, పప్పు గిన్నె పక్కన పెట్టుకుని.

"కవర్ల కోసం పసిపిల్ల నోరు కాలుస్తారా?" అన్నాను. "నా మీద కోపముంటే నాకు వడ్డించండి. అది మీ మనవరాలు."

మా ఆయన ఆగమన్నట్టు నా చెయ్యి పట్టుకున్నాడు. తల్లి వైపు తిరిగి, పొరపాటున వేశావు కదమ్మా అని అడిగాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. అవునని ఒక్క మాట అంటే చాలు, ఆయన దాన్ని పట్టుకుని గట్టెక్కేవాడు. నేనూ ఎంతో కొంత చల్లబడేదాన్ని.

అత్తయ్య కాసేపు గిన్నె అంచును వేలితో రాస్తూ కూర్చుంది.

"పొరపాటు కాదు," అంది. "కోపంతోనే వేశాను. పాప ముందు తింటుందనుకోలేదు."

ఆ సాయంత్రమే మా ఆయన వాళ్ళ అక్కకు ఫోన్ చేశాడు. కొన్నాళ్ళు అమ్మ నీ దగ్గర ఉంటుంది, వచ్చే ఆదివారం నా బస్సులోనే తీసుకొస్తాను అన్నాడు. అవతల ఆవిడ ఏమడిగిందో గానీ, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, నీకు వంటకు సాయంగా ఉంటుంది, మనస్సే కాస్త బాలేదు అని జవాబు చెప్పాడు. గోడవతల అత్తయ్య వింటూనే ఉంది. ఫోన్ పెట్టేసి ఆయన గుమ్మంలో కూర్చుని వానకేసి చూస్తూ ఉండిపోయాడు. నాకు గెలిచినట్టు లేదు. నిద్రపోతే చాలన్నట్టుంది.

తరవాత నాలుగు రోజులు ఇంట్లో వంట నాది. తెల్లవారకముందే లేచి వండి, పాపను బడికి తయారుచేసి, డ్యూటీకి పరుగెత్తి, వచ్చి మళ్ళీ వండి, తల ప్రాణం తోకకు వచ్చింది. అత్తయ్యతో మాటల్లేవు. కంచం ముందు పెడితే తినేది, కడిగి బోర్లించేది.

గురువారం పొద్దున కుండపోత. మూడు వీధులు కలిసే చోట పెద్ద తూము పూర్తిగా మూసుకుపోయి, నీళ్ళు ఇళ్ళ మెట్లు ఎక్కుతున్నాయి. కొక్కేలతో పని కాలేదు. నేను నడుం లోతు దిగి, నీళ్ళలో మొహం పక్కకు తిప్పి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. కాలితో గోడను తన్ని పట్టి లాగితే ముద్దగా ఊడి వచ్చింది, దాని వెనకే నీళ్ళు హోరుమని కదిలాయి. పైన జట్టంతా ఈలలు వేశారు.

గట్టు మీదకు విసిరెయ్యబోయి ఆగిపోయాను. అది కవర్ల కట్ట. పసుపుపచ్చ చీర అంచు పేలిక, రెండు పేటల ముడి. ఆ ముడి నేను వేసిందే. మా వంటింటి గోడ మీంచి దించిన కవర్లు అవి.

దాని వెనకే ముక్కోణాలుగా మడిచినవి ఒకటొకటిగా తేలుతూ వచ్చాయి. పది, ఇరవై, ఇంకా వస్తూనే ఉన్నాయి. మేస్త్రీని పిలిచి చూపించాను. ఆయన బుర్ర గోక్కున్నాడు. గోతాలు ఎత్తిన రోజు గాలికి లారీ మీంచి కొన్ని గోతాలు జారి పడ్డాయట, ఎవరూ వెనక్కి వెళ్ళి ఎత్తలేదట. అన్నేళ్ళలో మా ఇంట్లోంచి ఒక్క కవరు కాలవకు చేరలేదు. చేరినవన్నీ నేను ఇల్లు శుభ్రం చేసిన రోజున చేరాయి. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ గట్టు మీద చతికిలబడ్డాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నీకు జ్వరం వచ్చేట్టుంది, ఇంటికి పో అన్నాడు మేస్త్రీ. ఆ కట్ట ఎందుకు పట్టుకున్నానో తెలియదు, చేత్తో పట్టుకునే వచ్చేశాను.

వాన తెరిపిచ్చింది. ఇంటి తలుపు తెరిచే ఉంది. గుమ్మంలోంచి తిన్నగా వంటింటి గోడ కనబడుతుంది. అత్తయ్య ఆ గోడ కింద పీట వేసుకుని, మొహం గుమ్మం వైపే పెట్టి కూర్చుంది. ఒళ్ళో రెండు ఖాకీ సంచులు ఉన్నాయి. ఒకదాని తాడు వదులుచేసి, తడి వేలు లోపల అద్ది నాలుక మీద పెట్టుకుంది. మొహం చిట్లించి, చెంబులో నీళ్ళు పుక్కిలించి పళ్ళెంలో ఉమ్మేసింది. సంచిని తడుముతూ కుట్టు మీద వేలు పోనిచ్చింది. కింది నుంచి రెండు వేళ్ళ ఎత్తులో దారం పోగు ఒకటి తేలి ఉంది కాబోలు, దాన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ తడిమింది. పెదవుల లోపలే ఏదో చెప్పుకుంటోంది. మళ్ళీ రుచి చూసింది, మళ్ళీ పుక్కిలించింది.

తల ఎత్తి సూటిగా నావైపు చూసింది. ఇంత తొందరగా ఎందుకొచ్చావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆ చూపు నా మీద ఆగి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఒళ్ళోకి దిగింది. కోపం ఇంకా దిగలేదన్నమాట అనుకున్నాను. ఒళ్ళంతా బురదతో వణుకుతూ నిలబడితే ఏమైందని కూడా అడగదా అని ఉక్రోషం పొంగింది. చేతిలో కట్ట బరువై రెండో చేతికి మార్చుకున్నాను. పైకి పొడుచుకొచ్చిన మందం కవరు ఒకటి కరకరలాడింది.

అత్తయ్య తల చటుక్కున లేచింది.

"పాపా, వచ్చేశావా? అది మన ఉప్పు కవరు కదూ," అంది. మొహమంతా విప్పారింది. "ఎక్కడ దొరికిందే?"

నేను ఆవిడకు ఆరడుగుల దూరంలో, పట్టపగటి వెలుతురులో నిలబడి ఉన్నాను.

"నేను, అత్తయ్యా," అన్నాను. ఆ గొంతు వినగానే ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోయింది. సంచులు రెండూ చీర కొంగు కిందకు లాక్కుంది, అప్పటికీ దాచగలననుకుంటున్నట్టు. వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఒక కన్ను పోయి మూడేళ్ళట. రెండోదాంట్లో మనుషులు నీడల్లా తెలుస్తారు, వెలుతురు వెనకాల ఉంటే అదీ లేదు. పేపరులో రోజూ అవే వార్తలు అని మానేసింది అప్పుడే. మోకాళ్ళ నొప్పులని బజారుకు వెళ్ళడం మానేసిందీ అప్పుడే. ఉప్పుకు మందుల కొట్టువాడి మందం కవరు, సోడాకు గలగలలాడే పల్చటిది, పంచదారకు మెత్తగా జారేది. చెయ్యి వేస్తే చాలు, అది పలికేది. నేను వాటిని తీసేసి అన్నిటికీ ఒకే ఖాకీ తొడిగాను.

"మరి కోపంతో వేశానని ఎందుకన్నారు?" అన్నాను.

ఆవిడ చెంబు కోసం తడిమి, నీళ్ళు ఇంకోసారి పుక్కిలించింది.

"కోపిష్టిది అంటే ఈ ఇంట్లో కాకపోతే ఇంకో ఇంట్లో వండనిస్తారు," అంది. "కళ్ళు లేనిదాన్ని పొయ్యి దగ్గరకు ఎవరు రానిస్తారు?"

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. తడి బట్టలతో అలాగే కూర్చుని, ఆవిడను నాలుక చూపించమన్నాను. కొస తెల్లగా పొక్కి ఉంది. నాలుగు రోజులుగా నేను డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా ఇదే పని చేస్తోంది. ఆడపడుచు ఇంటికి వెళ్ళేలోపు ఉప్పుకూ సోడాకూ తేడా తేల్చుకోవాలని, సోడా నాకి మరీ నేర్చుకుంటోంది. అక్కడ వేరే సంచులు, వేరే మేకులు ఉంటాయని తెలిసీ.

మా ఆయన శుక్రవారం మధ్యాహ్నం దిగాడు. చెప్పాను. ఆయన బూట్లు కూడా విప్పకుండా తల్లి దగ్గరకు వెళ్ళి, చేతిని ఆవిడ కళ్ళ ముందు అటూ ఇటూ ఆడించి చూశాడు. ఏం చేస్తున్నావురా, గాలి తగులుతోంది అందావిడ. బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. అక్కకు ఫోన్ చేసి రావడం లేదని మాత్రం చెప్పాడు. పాప బడి నుంచి వచ్చి మా మొహాలు చూసి తనంతట తనే ఒప్పుకుంది. దానికి ఎప్పటి నుంచో తెలుసట, ఎవరికీ చెప్పొద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుందట. ఆ రోజు మొదటి ముద్దకే మండింది, చెబితే నాయనమ్మను తిడతారని ఇంకో మూడు ముద్దలు తిన్నానంది. తొమ్మిదేళ్ళ పిల్ల. దాన్ని దగ్గరకు తీసుకోవాలనుకున్నాను గానీ, అది నన్ను చూసి కాస్త భయంగా వెనక్కి జరిగింది.

కంటాసుపత్రిలో పొద్దున నుంచి సాయంత్రం దాకా బల్లల మీద కూర్చున్నాం. కంటిలో ఒత్తిడి అన్నారు. పోయిన చూపు రాదు, ఉన్న కాస్త నిలబడాలంటే రోజుకు మూడు పూటలు చుక్కలు వెయ్యాలి, అదీ బతికినన్నాళ్ళూ. రెండేళ్ళు ముందు తీసుకొస్తే అని ఆ డాక్టరమ్మ ఏదో మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేసింది. తిరిగి వస్తూ బస్సులో అత్తయ్య నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఇక పొయ్యి నువ్వే చూసుకో, నేను పక్కన కూర్చుని కూరలు తరిగి ఇస్తాను, అది చేత్తో చేసే పనే కదా అంది. గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తోంది.

మంచి మనిషైతే ఆ సమయంలో ఏదైనా గొప్ప మాట అనేదేమో. నాకు ఒళ్ళంతా నొప్పులు. మర్నాడు మళ్ళీ ఆ తూము దగ్గరే డ్యూటీ.

"నేను పొద్దున ఐదింటికి పోవాలి అత్తయ్యా," అన్నాను. "నాలుగు రోజులు వండేసరికే నా పని అయిపోయింది. మీరు కాకపోతే ఎవరు వండుతారు?"

ఆవిడ నావైపు చెవి ఒగ్గింది. నేను జాలిపడి అంటున్నానేమోనని నా గొంతులో వెతుకుతున్నట్టుంది. అక్కడ అలసట తప్ప ఏమీ దొరక్కపోయేసరికి, సరేలే అంది.

కాలవలో దొరికిన కట్టను నేను అప్పటికే రెండుసార్లు సబ్బుతో కడిగి ఉంచాను. అవే మళ్ళీ తగిలిద్దామా, ఆఫీసువాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకుంటాను అన్నాను. ఆవిడ ఉప్పు కవరు చేతిలోకి తీసుకుని, నలిపి చూసి, వాసన చూసి, తిరిగి ఇచ్చేసింది. మురుగులో నానింది తిండికి పనికిరాదంది. ఎవరికీ ఇవ్వకు, మళ్ళీ అక్కడికే పోతాయి, మడిచి మంచం కింద పెట్టెయ్యి అని కూడా చెప్పింది. ఆ తరవాత కొట్టుకు వెళ్ళినప్పుడల్లా ఖాకీ సంచే పట్టుకెళ్ళాం. ఇంట్లోకి కవరు రావడమే తగ్గింది.

రెండు రోజుల తరవాత ఆఫీసువాళ్ళు వచ్చారు. గోడ చూసి మెచ్చుకున్నారు. ఇంటి పెద్దావిడ గోడ ముందు నిలబడితే ఫోటో తీస్తామన్నారు. నిలబెట్టాం. అమ్మా, కాస్త ఇటు చూడండి అన్నాడు ఫోటో తీసే ఆయన. అత్తయ్య నవ్వుమొహంతో కిటికీ వైపు చూసింది. ఇటు, ఇటు అన్నాడాయన మళ్ళీ. నేను వెళ్ళి ఆవిడ గడ్డం పట్టుకుని సరైన వైపు తిప్పి వచ్చాను.

ఆ సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంట అయిపోయింది. మా ఆయన కూడా ఉన్నాడు. నలుగురం కూర్చున్నాం. అన్నం, పప్పు, కూర అన్నీ వడ్డించి ఉన్నాయి. మధ్యలో చిన్న గిన్నెలో ఉప్పు, దానిలో చెంచా. పప్పు నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. కూరలోనూ ఉప్పు లేదు.

"ఎవరికి ఎంత కావాలో మీరే వేసుకోండి," అంది అత్తయ్య. "ఇక నుంచి అంతే. ముందు మీరు నాలుక మీద పెట్టుకుని చూసి, అప్పుడు పాపకు వెయ్యండి."

ఇన్నేళ్ళలో ఆ చేత్తో పడిన ఉప్పు ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఎవరం అనలేదు. మా ఆయన గిన్నె అందుకుని చిటికెడు నాలుక మీద వేసుకుని చూశాడు, తన కంచంలో వేసుకున్నాడు, పాపకు వేశాడు, నాకిచ్చాడు. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు మూడుసార్లు వినేదాకా అత్తయ్య తన అన్నం కలపలేదు. తరవాత గిన్నె ఆవిడ వైపు జరిపాను. వద్దంది. నాలుక కాలిందిగా, రుచి తెలియడం లేదు, నాకెందుకు అంది.

నాలుక వారంలోనే మానింది. ఆ వానాకాలం వెళ్ళి చలి వచ్చేదాకా ఆవిడ చప్పటి తిండే తింది. నేను రోజూ గిన్నె జరుపుతూనే ఉన్నాను, ఆవిడ రోజూ వద్దంటూనే ఉంది.